కొంగు చాటు గిన్నె

“ఈయనకి ఎవరో అబద్ధం చెబుతున్నారు” అంది డాక్టర్ శైలజ.

విజయనగరం ఆసుపత్రిలో మంచం మీద నగరేశ్వరరావు ఆయాసపడుతున్నాడు. రాజాంలో పప్పుల వ్యాపారి. పొద్దున కొట్టు తాళం తీస్తూనే గుండె పట్టుకుని కూలబడ్డాడు.

కిందటేడు స్టెంటు వేసినప్పుడే ఆవిడ చెప్పింది. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుందని, నెయ్యి, వనస్పతి, వేపుళ్లు మానెయ్యమని. తర్వాతి పరీక్షల్లో కొవ్వు బాగా తగ్గింది కూడా. ఇప్పుడు చూస్తే, అప్పట్లో కొద్దిగా సన్నబడిన మరో రెండు నాళాలు మూసుకుపోయాయి.

వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. తట్టుకుంటాడో లేదో చెప్పలేనంది.

“ఒక్క మాత్ర మానలేదు డాక్టరుగారూ. పప్పన్నం, ఉడకబెట్టిన కూర. అంతే. అసలు మాది నీచు ముట్టని కొంప” అన్నాడు నగరేశ్వరరావు.

“మరి ఈ కొవ్వెక్కడిది?”

నగరేశ్వరరావు కళ్లు ఎరుపెక్కాయి.

“సిన్నతల్లి” అన్నాడు. “ఆ దొంగదే ఏదో కలిపుంటాది.”

స్టెంటు వేసిన కొత్తలో పని అడుగుతూ వచ్చిన వంటమనిషి చిన్నతల్లి. ఆమెది ఏ ఊరో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె వండే చప్పిడి కూరలంటే మాత్రం అందరికీ వెక్కిరింతే.

“ఏటే, మీ ఊర్లో నూని అమ్మరేటి?” అనేవాడు నగరేశ్వరరావు.

“అమ్ముతారు బాబూ. మీరు కొనకూడదు, అంతే” అనేది.

ఒక మధ్యాహ్నం కొంగు చాటున గిన్నెతో పెరట్లోకి పోతూ ఆయన కంటపడింది. గిన్నెలో కరిగిన నెయ్యిలా ఏదో ఉంది. ఎక్కడికి పట్టుకుపోతున్నావని నిలదీశాడు.

చిన్నతల్లి ఆయన భార్య కన్యాకుమారి వైపు చూసింది.

కన్యాకుమారి తల దించుకుంది.

వీధంతా చూస్తుండగా నగరేశ్వరరావు చిన్నతల్లిని దొంగంటూ గెంటేశాడు. మాత్రలు మానొద్దని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వంట కన్యాకుమారిదే. పప్పు నాలుక్కి పట్టేసేది. నూనె చుక్క లేకుండా ఇంత రుచేమిటని అడిగితే, మన కొట్టు పప్పు కదండీ అని నవ్వేది.

ఆయన నమ్మాడు.

“భరణీ, పోలీసులకి సెప్పు” అన్నాడిప్పుడు కొడుకుతో. “ఎక్కడున్నా దాన్ని లాక్కు రమ్మను.”

భరణి ఫోను తీశాడు.

“వద్దురా” అంది కన్యాకుమారి. గోడకి ఆనుకుపోయింది. “ఏ పెళ్లికెళ్లినా మనోళ్లది ఒకటే మాట. మీ ఆయన అలా సిక్కిపోనాడేటి, యాపారం గాని మునిగిపోనాదా అని. తలెత్తుకోలేకపోయాను. నీచు తినని ఒంట్లో కొవ్వెలా పడతాదిలే అనుకున్నాను.”

“ఏటి సేసినావు?” అన్నాడు నగరేశ్వరరావు.

స్ట్రెచర్ వచ్చింది. ఆయనని దాని మీదికి మార్చారు. పట్టుకోబోయిన ఆమె చేతిని ఆయన తోసేశాడు.

“ఆవిడ దొంగ కాదండీ” అంది కన్యాకుమారి, స్ట్రెచర్ వెంట నడుస్తూ. “మీ పప్పు మీద తేలిన వనస్పతిని రోజూ తోడి పారబోసింది సిన్నతల్లి. పోసింది నేను.”