అమ్మ నోట 'శ'

అందరిళ్ళలోలాగే వకుళ ఇంట్లోనూ పాటలు వినిపించే పని గోడలోని కంప్యూటరుదే. చనిపోయిన తల్లి ఒకప్పుడు వంటింట్లో పాడుకుంటుండగా తను రికార్డు చేసుకున్న మంగళహారతి డిస్కును దానికెక్కించి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటోంది. 'శుభం' అన్నచోట ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మా అమ్మకి ఏనాడైనా 'శ' పలికిందా? 'సుభం' అనేది. ఈ కంప్యూటర్నెవరు దిద్దమన్నారు?"

"పోనీలే, తప్పు పోయిందిగా. ఇంకా అటక మీద ఆ పాత డిస్కు ప్లేయరెందుకు, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం," అన్నాడు భర్త చలపతి.

"మన పెళ్ళిలో ఆ 'స' విని మీవాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మ మళ్ళీ నలుగురిలో పాడలేదు. బతికుండగా మీరు నోరు మూయించారు, పోయాక ఇది ఆ నోరే మార్చేసింది."

విసురుగా అటక మీంచి ప్లేయరు దించి, కొంగుతో దుమ్ము దులిపి, డిస్కు పెట్టింది.

"సుభం," అని పాడింది అమ్మ.

"ఉచ్చారణలో దోషముంది. సరిచేయమంటారా?" అని గోడలోంచి కంప్యూటరు అడిగింది.

"అక్కర్లేదు. సుబ్బరంగా ఉంది."

"'శుభ్రంగా' అనాలండి."

వకుళ లేచి వెళ్ళి దాని వైరు పీకేసింది.