మాణిక్యం అడిగిన బోల్టులు

“ఆ బోల్టులు నాకియ్యి నాయనా.”

ఎండుచేపల గంప షెడ్డు గుమ్మంలో దించి, మాణిక్యం చెయ్యి చాపింది.

శోభనాద్రి తలెత్తలేదు. గిలకలదిండి రేవులో బోటు ఇంజన్లు బాగుచేయడంలో అతనిది చెయ్యి తిరిగిన పని. వేట నిషేధం రేపటితో ముగుస్తుంది. షెడ్డు నిండా ఇంజన్లే, ఊపిరి తీసుకునే తీరిక లేదు.

“ఈసారి ఏం లేవు, పో.”

“అవిగో, పళ్లెంలో ఉన్నాయిగా.”

ఉన్నాయి. నాంచారయ్య బోటు ఇంజనుకి మూతలా ఉండే హెడ్డు నుంచి అప్పుడే విప్పిన బోల్టులు, పక్కనే రబ్బరు సీళ్లు.

ఒకసారి గట్టిగా బిగించిన హెడ్డు బోల్టు సాగుతుంది. మళ్లీ వాడకూడదు. ఆ సంగతి శోభనాద్రికి తెలియక కాదు. కొత్తవి బందరు బజారులో అయిపోయాయి. అయిపోకపోయినా, చూపుకి బాగున్నవాటిని డీజిల్లో కడిగి మళ్లీ వేసెయ్యడం అతనికి అలవాటే. బొత్తిగా అరిగినవి మాత్రం మాణిక్యం చేతిలో పోసేవాడు. ఆమె ఓ పొట్లం ఎండు రొయ్యలు ఇచ్చిపోయేది. చెత్తకి రొయ్యలు! ఎంత అమాయకురాలో అనుకునేవాడు.

“అవి మళ్లీ వేస్తావా ఏంటి?” గొంతు తగ్గించి అడిగింది.

సరిగ్గా అప్పుడే నాంచారయ్య టీ తాగి లోపలికి వస్తున్నాడు. శోభనాద్రికి ఒళ్లు మండింది.

“నా పని నాకు నేర్పుతావా? పాత ఇనుము అమ్ముకుని మేడ కడుతున్నావేంటి?”

షెడ్డులో వాళ్లంతా నవ్వారు. మాణిక్యం నవ్వలేదు. గభాలున వంగి పళ్లెంలోవి గుప్పిట పట్టింది.

“దొంగ!”

ఆమె చెయ్యి ఒడిసి పట్టుకున్నాడు. అంత వయసు మనిషని కూడా చూడకుండా వేళ్లు విప్పి బోల్టులు లాక్కున్నాడు. గంపని కాలితో తోశాడు. రొయ్యలు బురదలో పడ్డాయి.

ఆమె వాటిని ఏరుకోలేదు. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

“కొత్తవే వేస్తున్నావు కదా బావా?” అన్నాడు నాంచారయ్య.

“అమ్మతోడు, కొత్తవే.”

బోటు వేటకెళ్లింది. సాయంత్రానికి రావలసింది రాలేదు. మర్నాడూ రాలేదు.

ఫోను కలవడం లేదు. నాంచారయ్య భార్య గంగాదేవి రేవులోనే కూర్చుంది. ఎవరెంత చెప్పినా లేవలేదు. ధైర్యం చెబుదామని బయలుదేరిన శోభనాద్రి ఆమె ముఖం చూడలేక సగం దారిలో వెనక్కి తిరిగాడు. మోపిదేవి స్వామికి మొక్కుకోబోతే దానికీ సిగ్గేసింది. చేసింది తను, కాపాడవలసింది దేవుడా?

చివరికి ఇంకో బోటు వెనక తాడు కట్టుకుని నాంచారయ్య బోటు వచ్చింది. మనుషులంతా బతికారు. ఎండకి పెదాలు పగిలి మాట రావడం లేదు.

ఇంజను హెడ్డు లేచిపోయింది. లోపలికి ఉప్పునీళ్లు దిగి పట్టేసింది.

“ఇంజనన్నాక చెడిపోద్ది. నువ్వు కొత్తవే వేశావు, నీ తప్పేముంది బావా?” అన్నాడు నాంచారయ్య.

చెప్పు తీసుకుని కొట్టినా అంత బాధ ఉండేది కాదు. నిజం నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

శోభనాద్రి షెడ్డులోని పాత బోల్టులు, సీళ్లు అన్నీ సంచిలో పోసుకుని మాణిక్యం కోసం బయలుదేరాడు.

పాత ఇనుము కొట్టులో అడిగాడు.

“ఎండుచేపలావిడా? నాకెప్పుడూ ఏమీ అమ్మలేదే!”

పక్క షెడ్లలో అడిగాడు.

“మా దగ్గరికి ఒక్కనాడూ రాలేదు. నీ షెడ్డుకే వచ్చేది. ఏముందో అని మేం నవ్వుకునేవాళ్లం.”

చివరికి చేపల బజారులో ఆడవాళ్లు ఊరు చెప్పారు. ఎదురుమొండి దీవి. బస్సు మారి, ఏటిమొగలో పంటు పడవెక్కి ఏరు దాటాడు. రొయ్యల పొట్లం పట్టుకుని ఆమె ఇంత దూరం నుంచి వచ్చేదా అనుకుంటే అడుగు ముందుకు పడలేదు.

మాణిక్యం ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. అతన్ని చూసింది. సంచిని చూసింది.

“బోటు మీద ఎవరైనా పోయారా?” మొదటి మాట అదే.

“లేదమ్మా, అందరూ వచ్చేశారు.”

ఆమె ఉన్నచోటనే కూలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“నాంచారయ్యకి చెప్పావా?”

అతను తల దించుకున్నాడు.

“చెప్పు. తిడితే పడు.”

“చెబుతానమ్మా... ఇన్నాళ్లూ ఈ బోల్టులు ఏం చేశావు?”

“ఏట్లో పారేశా. ఇంకెవరి చేతికీ దొరక్కూడదని.”

“వెయ్యొద్దని నా ముఖాన ఒక్క మాట అనాల్సింది.”

“అంటే ఒప్పుకునేవాడివా? గొడవ పెడితే ఇంకో రేవులో షెడ్డు పెడతావు. బోల్టులే నా దగ్గరుంటే ఏం బిగిస్తాడులే అనుకున్నా. మంచివి దాచుకుని అరిగినవి ఇస్తున్నావని ఆ రోజుదాకా తెలీలేదు.”

శోభనాద్రి రెండు చేతులూ జోడించాడు.

“రేవులో అన్ని షెడ్లున్నాయి. నా ఒక్కడి దగ్గరికే ఎందుకొచ్చేదానివమ్మా?”

ఆమె వంగి ఎండిన చేపల్ని రెండోవైపుకి తిప్పింది.

“మూడేళ్ల కిందట బోటు ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మా ఆయన రాలేదు. నాగాయలంకలో ఇంజను విప్పితే అన్నీ పాత బోల్టులే.”

ఆమె గొంతులో కోపం లేదు.

“ఆ ఇంజను బిగించింది నువ్వే నాయనా.”