డ్రైవ్‌వేలో చోటుంది

కారు అద్దానికి కౌన్సిల్ మనిషి పసుపు నోటీసు అంటించి వెళ్ళగానే, కిటికీ దగ్గర నిలబడ్డ సెరీనా చప్పట్లు కొట్టింది.

"ఇది మూడోది!"

రూమ్మేట్ శ్రావ్య తల పట్టుకుంది. "ఏందే నీ సంబురం? రెజో అయిపోయి రిజిస్ట్రేషన్ లేని కారు రోడ్డు మీద పెట్టొద్దు. రెజో లేదంటే ఇన్సూరెన్స్ కూడా లేనట్టే. మన ఇంటి ముంగట డ్రైవ్‌వే ఖాళీగనే ఉంది గద, లోపలికి నెడితే ఎవ్వడూ అడగడు."

"నెట్టను. ఫైన్ నాకు రాదుగా. పేపర్లలో ఓనర్ ఎవడైతే వాడికే వెళ్తుంది."

ఆ 'వాడు' విజయభాస్కర్. యూనిలో, అంటే యూనివర్సిటీలో, సీనియర్. ఊరి శివారున ఉన్న ట్రుగనీనా నుంచి బస్సుల్లో పడి వెళ్ళలేకపోతున్నానని సెరీనా వాపోతుంటే, సొంత అన్నయ్యలా నవ్వుతూ వచ్చి ఈ కారు అంటగట్టాడు.

"రెజో ఇంకా ఏడాది ఉందమ్మా. పేరు నిదానంగా మార్చుకుందాం."

డబ్బు చేతిలో పడగానే ఉద్యోగమంటూ ఎక్కడో దూరాన ఉన్న గంగాలిన్‌కి మకాం మార్చేశాడు. పదిహేను రోజులకే రెజో ముగిసింది. ఆ వారమే ఇంజన్ మూలపడింది. భాస్కర్ ఫోన్ ఎత్తడం మానేశాడు.

వేర్‌హౌస్‌లో ఏడాది పాటు పెట్టెలు మోసి దాచుకున్న డబ్బు అది. సెరీనా రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు ఏడుపు మానేసి చట్టం చదివింది.

వాడని కారు ఇంటి స్థలంలో ఉంటే తప్పు లేదు. నాలుగడుగులు అవతల, రోడ్డు మీద ఉంటే తప్పు. ఫైన్ ఓనర్‌కి. కట్టకపోతే ఓనర్ లైసెన్స్‌కే ఎసరు.

మర్నాడే ఇద్దరు క్లాస్‌మేట్లను పిలిచి, డ్రైవ్‌వేలో ఉన్న కారుని రోడ్డు మీదికి నెట్టించింది. కౌన్సిల్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది కూడా తనే.

అది జరిగి మూణ్నెల్లు.

మూడో నోటీసు పడ్డ రెండు రోజులకి, మధ్యాహ్నం పూట ఒకాయన నడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. బస్సు డ్రైవర్ల నీలం చొక్కా, చేతిలో ఉత్తరాల కట్ట. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు కొట్టాడు.

"అమ్మాయ్, ఈ కారు నీ దగ్గరే ఉంటందా?"

"మీరెవరండీ?"

"రాజారావంటారు. పేపర్లలో పేరు నాదే."

భాస్కర్‌కి పెదనాన్నో, మావయ్యో! ఇంట్లో పెద్దాయన పేరు అడ్డం పెట్టుకున్నాడన్నమాట. సెరీనాకి ఒళ్ళు మండింది.

"రండి అంకుల్, మీకోసమే చూస్తున్నా. లైసెన్స్ పోయిందా?"

"ఆపేశారమ్మా. ఇల్లు మారాను, ఉత్తరాలన్నీ ఆలస్యంగా అందాయి. స్కూల్ బస్సు తోలక వారమైంది." ఆయన ఒక ఫారం బయటికి తీశాడు. "కారు ఎవరి దగ్గరుందో వాళ్ళ పేరు ఈ సాయంత్రం ఐదింటిలోగా చెప్పాలంట. చెప్తే ఫైన్లు వాళ్ళ మీదికి మారతాయి, నా లైసెన్స్ నాకొస్తుంది."

"రాసుకోండి, సెరీనా. స్టూడెంట్ వీసా మీదుంది, బెదిరిపోతుంది అనుకున్నారా? మీవాడు నన్ను నిలువునా ముంచాడు. మీ ఇంటిల్లిపాదీ కాళ్ళీడ్చుకుంటూ తిరగాలి!"

ఆయన పెన్ను ఆగింది.

"మావాడా?"

"విజయభాస్కర్! నాలుగు వేల డాలర్లకి నాకు అమ్మాడుగా ఈ డొక్కుని!"

"అమ్మాడా?"

ఆయన చేతిలోని ఫారం వైపు చూశాడు. కారు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"డ్రైవ్‌వేలో చోటుందిగా అమ్మాయ్. ఓ చెయ్యేస్తే లోపలికి నెట్టేద్దాం. ఇంకో నోటీసు పడకుండా ఉంటది."

"ముట్టుకున్నారంటే పోలీసుల్ని పిలుస్తా."

"సర్లేమ్మా." ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మరి యూనికి ఎట్టా వెళ్తన్నావు?"

"బస్సుల్లోనే! మీవాడి పుణ్యం."

ఆయన తలూపి, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు.

"చూశావా? పేరు రాసే దమ్ము కూడా లేదు ముసలాయనకి" అంది సెరీనా, తలుపు ధడేల్న వేస్తూ.

శ్రావ్య కిటికీలోంచి ఆయన వెళ్ళిన వైపే చూసింది.

మూడున్నరకి కౌన్సిల్ పంపిన టో ట్రక్కు వచ్చి కారుని ఈడ్చుకుపోయింది. సెరీనా ఫొటో తీసి భాస్కర్‌కి పంపింది. కింద రాసింది: 'మీ పెద్దాయన లైసెన్స్ కూడా పోయింది. కంగ్రాట్స్.'

ఇన్నాళ్ళూ లేనిది ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. వాయిస్ మెసేజ్. వెనక ఎవరివో నవ్వులు.

"మా పెద్దాయనేంటి సెరీనా? రాజారావు అంకుల్ నాకేమీ కాడు. కొత్తగా దిగిన స్టూడెంట్స్‌కి ఆ కారు ఊరికే ఇస్తుంటాడు, ఎనిమిదేళ్ళ నుంచీ. జాబ్ వచ్చాక ఇంకో కొత్తవాళ్ళకి ఊరికే ఇచ్చేయాలి, అదొక్కటే కండిషన్. ఏదో... నాకప్పుడు కొంచెం టైట్‌గా ఉండి... లైట్ తీస్కో!"

సెరీనా గడియారం చూసింది. నాలుగూ ఇరవై.

ఫైన్ల ఆఫీసు నంబర్ నొక్కింది.

"ఆ కారు నా దగ్గరే ఉంది. రోడ్డు మీద పెట్టించింది నేనే. ఇంకా ఐదు కాలేదు, నా పేరు రాసుకోండి, ప్లీజ్."

అవతల అమ్మాయి కంప్యూటర్‌లో వెతికింది.

"ఇక మార్చలేమండీ" అంది. "గంట క్రితమే ఓనర్ ఫోన్ చేశారు. ఆ కారు తాను ఎవరికీ ఇవ్వలేదనీ, రోడ్డు మీద వదిలేసింది తానేననీ చెప్పి, కేసు మూసేయమన్నారు."