నాలుగంగుళాల ఎత్తు

షోరూం ముందు పాత బండినీ కొత్త బండినీ పక్కపక్కనే పెట్టించాడు కళ్ళజోళ్ళ షాపాయన.

పాతది పదకొండేళ్ళుగా ఇంటిల్లిపాదినీ మోసిన వ్యాను. కొత్తది అదే పేరుతో ఈ ఏడాది వచ్చిన మోడల్.

పాతదాని తలుపు రెండు చేతులా లాగాలి. కొత్తదానికి మీట నొక్కితే చాలు, దానంతటదే జారిపోతుంది. పాతదాంట్లో రేడియో గొంతు ఎప్పుడో పోయింది. కొత్తదాంట్లో పలకంత తెర ఉంది. వెనక సీట్లు మడిస్తే నేలలోకి దిగిపోతున్నాయి. కూతురు ఆ మీటని వదలకుండా నొక్కుతోంది. భార్య ముందు సీట్లో కూర్చుని అద్దంలో జుట్టు సర్దుకుంటోంది.

ఇంకా చూడాల్సిందేమైనా ఉందా అని అడిగాడు సేల్స్ అతను.

షాపాయనకి ఏమీ కనబడలేదు.

అప్పుడే ఒక ముసలాయన వంగి, కొత్త బండి గుమ్మం దగ్గర టేపు పెట్టి కొలుస్తూ కనిపించాడు. వెలిసిపోయిన చొక్కా, జేబులో చిన్న పుస్తకం. అక్కడ కొలిచి, పాత బండి దగ్గరికి వెళ్ళి అక్కడా కొలిచాడు.

"నాలుగంగుళాలు ఎత్తు పెరిగింది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "తలుపు పక్కన పట్టుకునే పిడి కూడా తీసేశారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఓసారి ఎక్కించి చూసుకుని కొనండి బాబూ."

షాపాయన సేల్స్ అతని వంక చూశాడు. తాను చేరి వారమే అయిందనీ, ఈయనెవరో తనకీ తెలీదనీ అతను భుజాలు ఎగరేశాడు.

"ఇంతకీ మీరెవరండీ?"

"ఎవరినైతే ఏముందిలెండి. అది చెప్తే జనం మొహమాటానికి మాట్లాడతారు."

షాపాయన లోపలికెళ్ళి కాగితాల పని ముగించుకొచ్చేసరికి, ముసలాయన పాత బండిలోకి తల పెట్టి మాట్లాడుతున్నాడు.

లోపల కూర్చున్నది షాపాయన తల్లి. తుంటి ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఊరికే దిగి ఎక్కడం ఎందుకని బండిలోనే ఉండిపోతుంది. పిడి పట్టుకుని, ఏ కాలు ముందు పెట్టి, ఎలా ఎక్కుతుందో ఆవిడ ముచ్చటగా చూపిస్తోంది. ఆయన రాసుకుంటున్నాడు.

షాపాయనకి ఒళ్ళు మండింది. ఊరూ పేరూ తెలియని మనిషి తన తల్లి కాలు సంగతి పుస్తకంలో ఎక్కించుకోవడమేమిటి? పాత బండిని చవగ్గా కొట్టేయడానికొచ్చిన దళారీ అయివుంటాడనుకుని కసిరాడు. అంతటితో ఊరుకోకుండా, లోపలికెళ్ళి ఫిర్యాదుల పుస్తకంలో అరపేజీ రాశాడు. వచ్చినవాళ్ళని వేధిస్తున్న ఈ మనిషిని గేటు దాటి రానివ్వొద్దని.

ముసలాయన టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

"మంచాయనరా" అంది తల్లి. "కాలెలా ఉందమ్మా అని అడిగాడు. ఇంట్లో ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నాళ్ళయిందో."

షాపాయన వినీ విననట్టు భార్యనీ కూతుర్నీ కేకేశాడు.

రెండ్రోజులకి పాతదాన్ని షోరూంలో మార్పిడికిచ్చి, కొత్త బండి ఇంటికి తెచ్చాడు.

ప్రతి గురువారం తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆవిడ చెల్లెలు అక్కడ మంచం పట్టి ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, చిన్నప్పటి పోట్లాటలే మళ్ళీ పోట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు.

మొదటి గురువారం తల్లి కాలెత్తింది. అందలేదు. చెయ్యి పిడి కోసం వెతికింది. నున్నటి ప్లాస్టిక్ తగిలింది. కొడుకే చంకల కింద చేతులేసి ఎత్తాడు.

రెండో వారం పీట వేశారు. పీట జారింది. ఆవిడ పడలేదు గానీ, భయం పట్టుకుంది.

మూడో వారం ఆసుపత్రి గుమ్మంలో దింపుతుంటే కొడుకు పట్టు తప్పింది. ఆవిడ బట్టలు చెదిరాయి. నలుగురూ చూశారు.

ఇంటికొచ్చేదాకా ఆవిడ చీర చెంగు బిగించి పట్టుకునే కూర్చుంది. వచ్చాక ఒక్కటే మాట అంది.

"ఇంక నన్ను మూటలా ఎత్తొద్దురా. నేను రాను."

షాపాయన అద్దె బళ్ళు రెండు మూడు రప్పించాడు. ఒకటి ఎక్కలేనంత ఎత్తు, ఇంకోటి తుంటి వంచి కూర్చోలేనంత కిందికి; పాతదానిలా ఏదీ లేదు. ఆవిడ గడపలోనే నిలబడి చూసి, తల అడ్డంగా ఊపి లోపలికెళ్ళిపోయింది. పాత బండినే వెనక్కి తెచ్చుకుందామని ఫోన్ చేస్తే, అది తుక్కు కింద వెళ్ళిపోయిందన్నారు.

నెల తిరక్కుండానే చెల్లెలు పోయింది. చివరి రెండు రోజులూ తలుపు చప్పుడైతే చాలు, అక్క వచ్చిందా అని అడిగేదని నర్సు చెప్పింది. ఆ సంగతి తల్లికి షాపాయన చెప్పలేదు. ఆవిడా అడగలేదు. కొడుకుతో మాట్లాడటం మాత్రం మానేసింది.

పది రోజులు చూసి షోరూంకి వెళ్ళాడు. ఎలాగైనా పిడి బిగించి తీరాలని మేనేజరు ముందు కూర్చున్నాడు. మేనేజరు ఓపిగ్గానే చెప్పాడు. అక్కడ లోపల ఎయిర్ బ్యాగ్ వైర్లుంటాయి, రంధ్రం పెట్టకూడదు. కంపెనీవాళ్ళే తయారీలో పెట్టాలి.

"అయితే పెట్టమనండి. అడిగేవాళ్ళే లేరా?"

మేనేజరు పెన్ను కింద పెట్టాడు.

"ఒకాయన ఉండేవారండీ. రిటైరయ్యాక కూడా షోరూంలన్నీ తిరిగి, పెద్దవాళ్ళు ఎలా ఎక్కుతున్నారో కొలిచి రాసుకునేవారు. ఆ వివరాలన్నీ తెస్తే వచ్చే మోడల్‌కి పిడి పెడతామని కంపెనీ ఒప్పుకుంది కూడా. ఇంతలో ఎవరో మహానుభావుడు ఆయన మీద ఫిర్యాదు రాశాడు. పైవాళ్ళు గొడవెందుకని ఆయన్ని రావద్దని చెప్పి, ఫైలు మూసేశారు. ఇప్పుడు నేను ఫోన్ చేసినా ఆయన ఎత్తడం లేదు."

 ఎవరాయన అని అడిగాడు షాపాయన, నెమ్మదిగా.

"మీ పాత బండి మోడల్‌ని తయారు చేసిన ఇంజినీరండీ, వాళ్ళమ్మ ఎక్కలేకపోతోందని గుమ్మం కిందికి దించి, ఆ పిడి పెట్టించింది ఆయనే."