మరుపు గీత

"ఆ గీత కిందికే పోతుంది గానీ నేలను తాకదేం మాస్టారూ?" అని అడిగాడు వడ్రంగి.

జైలు లైబ్రరీలో బల్లకు ఆ పక్క అతను, ఈ పక్క లెక్కల మాస్టారు, మధ్యలో మాస్టారు గ్రాఫు గీసిన కాగితం. జైలు కార్ఖానాలో కుర్చీలు చేస్తాడు కాబట్టి అందరికీ అతను వడ్రంగే.

"తాకదయ్యా. ఉన్నదాంట్లో సగం పోతుంది, మిగిలినదాంట్లో మళ్ళీ సగం. అలా సగం పోవడానికి పట్టే కాలం అర్ధాయువు."

"అర్ధాయుష్షా! లెక్కలు చెప్తున్నారా, జాతకమా?"

మాస్టారు పడీపడీ నవ్వారు. రిటైరయ్యాక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న మనిషి. ఒకసారి పనిబడి కోర్టుకు వెళ్ళినప్పుడు బేడీలతో నిలబడ్డవాళ్ళను చూసి మనసు చివుక్కుమంది. జైలువాళ్ళను అడిగి మరీ ఈ క్లాసు పెట్టించుకున్నారు. ఒకసారి చూసిన ముఖం మర్చిపోరని, హాజరుపట్టీ అక్కర్లేని మాస్టారని బళ్ళో ఆయనకు పేరు. ఇంత శ్రద్ధగా వినే శిష్యుడు మాత్రం అక్కడ దొరకలేదు.

"జ్ఞాపకం కూడా ఇలాగే తరుగుతుందన్నారుగా. నేనిక్కడికి వచ్చేటప్పటికి మా పాప పసిది. నా ముఖం దానికెంత మిగిలుంటుందంటారు?"

మాస్టారు మళ్ళీ ఆ గీత వైపు చూశారు. ఏమీ మిగలదని ఏ నోటితో చెప్పడం?

"గుర్తు చేసేవాళ్ళుంటే గీత మళ్ళీ లేస్తుందయ్యా. వాళ్ళమ్మ నీ ఫొటో చూపిస్తుందిగా."

"ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంది లెండి." వడ్రంగి పెన్సిల్ అందుకున్నాడు. "ఇంకో లెక్క. మసక వెలుతురులో పరిగెత్తేవాణ్ణి రెప్పపాటు చూశాడొకాయన. చాన్నాళ్ళకు కోర్టులో, వీడేనని వేలు చూపించాడు. అది నిజమయ్యే సంభావ్యత ఎంత?"

"బొమ్మా బొరుసూ వేసుకోవడం నయం."

"మధ్యలో పోలీసులు ఒక ఫొటో చూపించారు."

"అయితే మరీ దారుణం. గీత లేస్తుంది గానీ, లేచేది ఆ ఫొటో జ్ఞాపకం. ఆ మనిషిది కాదు." మాస్టారు కాగితం మీంచి తలెత్తారు. "నీ కేసేనా?"

"ఆఁ. సాక్షి చెడ్డవాడు కాదండీ. నిజమనే నమ్మాడు."

ఎవడో చేసిన పొరపాటుకు ఒక సంసారం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయిందే అనుకున్నారు మాస్టారు. పాఠం చెప్పడం తప్ప తన చేతుల్లో ఏముంది?

"అప్పీలుకు వెళ్ళు. పొరబడి ఉండొచ్చని ఆ సాక్షి ఒక్క మాట చెబితే చాలు."

"చెబుతాడంటారా? ఇన్నేళ్ళు పోయాయని తెలిస్తే తట్టుకోగలడా? పెద్దాయన."

"తట్టుకోవాలి మరి! నిద్ర పట్టకపోతే పట్టకపోనీ. చేసింది దిద్దుకోనివాడు మనిషేనా? నేను వెళ్ళి మాట్లాడతాను. కాళ్ళు పట్టుకునైనా ఒప్పిస్తాను. ఎవరాయన?"

వడ్రంగి పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు.

"మీరే మాస్టారూ."