తలుపు తీసి ఉందా?

"తలుపు తీసి ఉందా, గడియ పెట్టి ఉందా?" అని అడిగాడు వెనక బెంచీ మనిషి.

ఆమె గబుక్కున కొంగు భుజాల మీదకు లాక్కుంది.

వీధి చివరి బడిలో సాయంత్రాలు ప్రభుత్వం ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతోంది. బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ ఇంగ్లీషువాళ్ల ఊరికి కొత్తగా వచ్చినవాళ్లంతా అక్కడ చేరారు. పాఠం అయ్యాక మాటలు అలవాటు కావడానికి ఒక్కొక్కరికీ ఒక ఇంగ్లీషు మనిషిని జత చేస్తారు.

అందరి జతలూ వాన గురించో, కూరగాయల గురించో మాట్లాడతారు.

ఈమె జత మాత్రం వెనక బెంచీ మీద అటు తిరిగి, ఆమెకు వీపు పెట్టి కూర్చుంటాడు. మొహం చూడడు. గోడతో మాట్లాడుతున్నట్టు ఎప్పుడూ అవే ప్రశ్నలు.

"ఇల్లెక్కడ?"

"ఏ అంతస్తు?"

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"కూతురు" అంటుందామె, వచ్చీరాని ఇంగ్లీషులో.

"మెలకువగా ఉందా?"

తడబడితే మళ్లీ మొదటికి.

ఇంటికి నడుస్తూ, తనతోపాటే తరగతికి వచ్చే కుట్టుపని వదినతో చెప్పుకుంది.

"మగదిక్కు లేని ఇల్లని ఆరా తీస్తున్నాడేమో వదినా. నాకు భయంగా ఉంది."

"నా జత ముసలావిడే నయం. ఎప్పుడూ వాళ్ల పిల్లి ఏం తిన్నదో చెబుతుంది. పిల్లి జబ్బులన్నీ ఇంగ్లీషులో వచ్చేశాయి నాకు" అని నవ్వించబోయింది వదిన.

ఆమెకు నవ్వు రాలేదు.

మానేద్దామంటే అంతకన్నా భయం.

నిరుడు భర్త గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సుకు ఫోన్ చేసింది. అవతల ఎవరో ఏదో అడుగుతూనే ఉన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. వీధి పేరు మాత్రం చెప్పగలిగింది. మిగతాదంతా ఏడుపే. బండి వచ్చి వీధంతా వెతికి ఇల్లు కనుక్కునేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు కూతురికి ఉబ్బసం. కాస్త చలిగాలి తగిలితే చాలు, ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడు.

మళ్లీ ఆ ఫోన్ పట్టుకోవాల్సి వస్తే?

అందుకే హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి చేతులు లాగేస్తున్నా తరగతికి పోతుంది.

ఒక సాయంత్రం పని నుంచి వస్తుంటే ఎదుటి పేవ్‌మెంటు మీద అతనే. వాళ్ల మెట్లకేసి తదేకంగా చూస్తున్నాడు. ఆమెను చూడగానే టోపీ సవరించుకుని గబగబా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున కిందికి దిగేసరికి, వీధి మెట్ల పక్క గోడ మీద వాళ్లింటి నంబరు. మనిషెత్తున, తెల్లటి రంగుతో.



ఇల్లు గుర్తు పెట్టుకున్నాడు!

కిరసనాయిలు తెచ్చి గుడ్డతో రుద్దింది. చేతులు మండాయి గానీ రంగు పోలేదు.

"బాగుంది కదమ్మా, ఎందుకు చెరిపేస్తున్నావ్?" అంది కూతురు.

"నోరు ముయ్యి. లోపలికి పద."

రెండు గడియలూ పెట్టింది.

ఆ సాయంత్రం టీచరమ్మ దగ్గరకు వెళ్లింది. టీచరమ్మది ఆమె భాషే.

"ఆయన వస్తే నేను రాను టీచరమ్మా."

"ఏమన్నాడమ్మా?"

"అనడు. అడుగుతాడు. ఇంట్లో ఎవరున్నారు, పిల్ల పడుకుందా, తలుపు తీసి ఉందా అని. ఆడదాన్ని, ఒంటరిదాన్ని. అవేనా అడగాల్సినవి?"

టీచరమ్మ మొహం మారింది. "నేను మాట్లాడతాలే. నువ్వు మానకు."

ఆ తర్వాత వెనక బెంచీ ఖాళీ. ఆమె ఊపిరి పీల్చుకుంది.

చలి ముదిరింది.

ఒక మధ్యాహ్నం పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా గదిలో ఏదో పడిన చప్పుడు. పరుగెత్తింది. కూతురు నేల మీద. పెదవులు నీలంగా ఉన్నాయి. మందు పీల్చే గొట్టం చేతిలోనే ఉంది, పీల్చే ఓపికే లేదు.

ఫోన్ నొక్కింది. 

అవతల మొహం కనబడని ఒక ఆడగొంతు. "మీ ఇల్లెక్కడ?"

ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. వీధి, నంబరు చెప్పింది.

"ఏ అంతస్తు?"

"రెండు."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"కూతురు. ఊపిరి ఆడటం లేదు."

"మెలకువగా ఉందా?"

ఆమె పిల్ల మీదకు వంగి చూసింది.

"ఉంది. కళ్లు తెరిచే ఉంది."

"తలుపు తీసి ఉందా?"

ఆమె వెళ్లి రెండు గడియలూ తీసింది.

"తీశాను" అని బావురుమంది. ఏడుస్తూనే మిగతా ప్రశ్నలకూ జవాబు చెప్పింది.

బండి తిన్నగా వచ్చి మెట్ల ముందు ఆగింది. "నంబరు వీధి మొదట్నుంచే కనిపించింది. మంచి పని చేశారు" అన్నాడు స్ట్రెచర్ దించుతున్న మనిషి.

పిల్ల దక్కింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఆమె బడికి పరుగెత్తింది.

"ఆయన ఉండేదెక్కడ టీచరమ్మా? కాళ్ల మీద పడతాను."

"ఊరు విడిచి వెళ్లిపోయాడమ్మా. ఎక్కడికో చెప్పలేదు."

"నేనన్న మాట ఆయనకు చెప్పారా?"

"చెప్పాను. ఆవిడ భయపడటంలో తప్పేం లేదన్నాడు. అప్పుడే తెలిసింది నాకు, ఈ వీధిలో తరగతి పెట్టించమని ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనేనని. మిగతాది నీకు చెప్పొద్దన్నాడు."

"ఏమిటది? ఎవరాయన?"

టీచరమ్మ వెనక బెంచీ వైపు చూసింది.

"మీ ఆయన పోయిన రోజు నువ్వు మన భాషలో ఏడుస్తుంటే, అవతల ఫోన్ పట్టుకుని అవే ప్రశ్నలు అడుగుతూ ఉండిపోయిన మనిషి."