తిరుమల లేడు

తెర మీద పదేళ్ల పిల్లవాడు ప్రాణాలు వదులుతున్నాడు. జమ్మికుంట హాలంతా ముక్కులు చీదుతోంది.

సరిగ్గా అప్పుడే మూడో వరుసలో ఎవడో పకపకా నవ్వాడు.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ విక్రాంత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి! ఆ సినిమా తీసింది అతనే. తెర మీద చనిపోతున్నది అతని చిన్ననాటి దోస్తు తిరుమల.

ఇద్దరిదీ హుజూరాబాద్ పక్క పల్లె. ఐదో తరగతిలో ఉండగా తిరుమలకు మెదడువాపు వచ్చింది. దవాఖానా వాళ్లు ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. ఆ వారంలోనే విక్రాంత్ వాళ్లు భూములు కౌలుకిచ్చి హైదరాబాద్‌కు మకాం మార్చారు. అక్కడి నుంచి దోస్తుకు కార్డు రాస్తే, తిరుమల తల్లి యాదవ్వ ఎవరి చేతో రాయించిన జవాబు వచ్చింది.

"తిరుమల లేడు. ఇగ ఉత్తరాలు రాయకు."

ఆ రెండు ముక్కలూ ఇరవై రెండేళ్లు గుండెలో మోసి మోసి తీసిన సినిమా ఇది. దాన్ని చూసి నవ్వుతాడా?

విక్రాంత్ గబగబా వెళ్లి ఆ మనిషి జబ్బ పట్టుకున్నాడు.

"లే! బయటికి నడువ్!"

అతనికీ ముప్పై పైనే ఉంటాయి. జుట్టులో అక్కడక్కడా పత్తి పీచు అంటుకుని ఉంది.

"జర ఆగుండ్రి సారూ. బొమ్మ అయిపోనీండ్రి. తర్వాత మాట్లాడుకుందాం."

"నీతోని నాకేం మాటలు? సచ్చే పోరన్ని జూసి నవ్వెట్ల వచ్చిందిరా నీకు?"

"పాట పాడుకుంట సస్తుండు గద సారూ! గా పోరనికి పాటలెక్కడియి? ఎక్కాలే రాకపోయె."

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. విక్రాంత్‌కు పుండు మీద కారం చల్లినట్టయింది.

"నా దోస్తు గురించి నీకేం ఎరుక బే!"

కాలరు పట్టుకుని గుంజాడు. అంగి గుండీలు టపటపా రాలిపోయాయి. ఆ మనిషి ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే అదీ వేషమే అనుకున్నాడు. గేటు దాకా తోసుకుంటూ వెళ్లి బయటికి నెట్టేశాడు.

ఆ మనిషి తిరగబడలేదు. అంగి రెండు కొసలూ చేత్తో దగ్గరికి పట్టుకుని, విక్రాంత్ మొహంలోకి కాసేపు చూశాడు.

"బొమ్మ మాత్రం మస్తు తీసినవ్," అని వెళ్లిపోయాడు.

"సిగ్గూ శరం లేదు! ఇసువంటోళ్ల కోసమా నేను సినిమా తీసింది?" విక్రాంత్ ఇంకా రొప్పుతూనే ఉన్నాడు.

ఆట అయిపోయింది. తెర ముందు బల్ల వేసి, శాలువా, పూలదండ సిద్ధం చేశారు. విక్రాంత్ పంపిన కారులో యాదవ్వ అప్పుడే దిగింది. చేలో పత్తి ఏరుతూ ఏరుతూ అట్లాగే వచ్చేసినట్టుంది. సినిమా దేని గురించో కూడా ఆమెకు తెలియదు. ఊరి పిల్లవాడు పిలిచాడని వచ్చింది.

విక్రాంత్ ఆమె కాళ్లకు దండం పెట్టి, శాలువా కప్పి, మైకు అందుకున్నాడు.

"చేతికందాల్సిన కొడుకును పోగొట్టుకున్న ఈ తల్లి..."

"ఎవని కొడుకు సచ్చిండు?"

మైకు లేకుండానే ఆ గొంతు హాలంతా వినపడింది.

"అవ్వా... మన తిరుమల..."

"నా కొడుకు దుక్క లెక్క ఉన్నడు! బతికున్నోన్ని సంపి బొమ్మ తీసినవా? మీదికెల్లి నాకు శాలువా కప్పుతవా?"

ఆమె శాలువా లాగి బల్ల మీద కొట్టింది.

విక్రాంత్ తడబడ్డాడు. "తిరుమల లేడని మీరే గదా రాయించిన్రు?"

"రాయించిన. దవాఖానోళ్లు చేతులెత్తేసినంక పోరన్ని పెంటకుప్ప మీద పండవెట్టిన. పక్కింటి గంగుబాయి వచ్చి ఎత్తుకున్నది. ఆమెకు చేటెడు తవుడిచ్చి మళ్ల కొనుక్కున్న, పెంటయ్య అని పేరు పెట్టుకున్న. గా దినం సంది తిరుమల సచ్చినట్టే. అడిగినోళ్లందరికి గట్లనే చెప్పినం. పాత పేరు పట్టుకొని సావు మళ్ల మా ఇల్లు దేవులాడుకుంట రావద్దని! గీ సంగతి ఊరంతటికి ఎరుక."

"నాకు తెల్వదవ్వా..."

"తెల్వకపోతే వచ్చి అడగొద్దా? బస్సెక్కితే నాలుగు గంటల తొవ్వ. ఇరవై రెండేండ్లల్ల ఒక్కపారన్న మా వాకిట్ల కాలు వెట్టినవా? దోస్తు మీద ఏడ్వనీకి సినిమా తీసినవు గని, వాన్ని చూడనీకి రాకపోతివి!"

జనం గుడ్లప్పగించి చూస్తున్నారు. విక్రాంత్‌కు సిగ్గుతో తల తిరిగిపోయింది. ఆ సిగ్గులోంచే పట్టలేని సంతోషం తన్నుకొచ్చింది. బతికి ఉన్నాడు! తిరుమల బతికే ఉన్నాడు!

"తప్పయింది అవ్వా. నన్నెంతన్నా తిట్టు. వాడు యాడున్నడు చెప్పు. ఇప్పుడే పోదాం. కాళ్ల మీద పడుత."

"యాడుంటడు! నీ బొమ్మ అని పొద్దుగాల్నుంచి కాలు నిలువలే వానికి. నాకంటే ముందుగాలనే ఉరికొచ్చిండు. ఇప్పుడు నేనొస్తుంటే బస్టాండు కాడ కనవడ్డడు, ఇంటికి పోతున్న అన్నడు."

యాదవ్వ గొంతు తగ్గింది.

"అంగికి ఒక్క గుండీ లేదు బిడ్డా... ఎవడు కొట్టిండురా అని అడిగితే, నా దోస్తే అవ్వా అని నవ్విండు."